కంట్లో చుక్కలు వేసినా మంట తగ్గకపోతే రెప్పల్లో నూనె సంగతి చూడండి

6 నెలలుగా చుక్కలు వేస్తున్నా పొద్దున లేవగానే కళ్ళు మండుతున్నాయి, రెప్పలు అంటుకుంటున్నాయి అన్నారు కదండీ. నాకూ అచ్చం ఇలాగే ఉండేది. చివరికి లోపం కన్నీళ్ళలో కాదు, నూనెలో అని తేలింది.

రెప్పల అంచున మైబోమియన్ గ్రంథులు వరసగా ఉంటాయి, ఒక్కో రెప్పకి 20 నుంచి 40 దాకా. రెప్ప వేసినప్పుడల్లా ఇవి వదిలే నూనె కన్నీటి మీద పరుచుకుని, దాన్ని ఆరిపోనివ్వదు. ఆ నూనె చలికాలం నెయ్యిలా పేరుకుంటే దారి మూసుకుపోతుంది. వయసు, స్క్రీన్ ముందు రెప్ప వేయడం తగ్గడం, మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు కూడా కారణాలే.

పేరిన నెయ్యికి వేడే మందు. శుభ్రమైన గుడ్డని వెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళపై 10 నిమిషాలు ఉంచండి. గుడ్డ 2 నిమిషాలకే చల్లారిపోతుంది, మళ్ళీ ముంచాలి. నేను మొదట్లో తప్పు చేసింది ఇక్కడే! వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమరండి. రోజూ రెండుసార్లు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

తగ్గకపోతే డాక్టర్లు డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు రాస్తారు. గర్భిణులకి అది పనికిరాదు, మెడికల్ షాపులో అడిగి కొనేయకండి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే కంటి డాక్టర్‌కి చూపించండి.