టెక్ సందేహాలు: ఏరియేటర్ల హోరును ఫోన్ ఎందుకు మింగేస్తోంది?

సందేహం: కొన్నాళ్లుగా యాంబియంట్ సంగీతం (పాట, తాళం పెద్దగా లేకుండా వాతావరణంలా మెల్లగా సాగే సంగీతం) వింటున్నాను. కొత్త ఆల్బమ్‌లు వస్తే సంగీతం అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో కొంటున్నాను. రాత్రిళ్లు మా రొయ్యల చెరువు మీద ఏరియేటర్ల (నీళ్లకు ఆక్సిజన్ అందించే యంత్రాల) హోరు కూడా అలాగే అనిపించి ఫోన్‌లో రికార్డు చేశాను. మొదట బాగానే ఉంది, కాసేపటికి హోరు సన్నబడి నీళ్ల చప్పుడు ముక్కలు ముక్కలుగా మిగులుతోంది. మైకు పాడైందా?
– ఒక పాఠకుడు, భీమవరం దగ్గర

జవాబు: మైకుకేం కాలేదండీ, ఇదంతా ఫోన్ అతితెలివి. అందులోని రికార్డరు మనుషుల మాట కోసం తయారైంది. మాట ఆగి ఆగి వస్తుంది. ఫ్యాను, ఇంజిను మాత్రం ఒకే తీరున మోగుతూనే ఉంటాయి. అలా మారకుండా మోగేదంతా రొదే అనుకుని, కాసేపు గమనించి, దాన్ని తుడిచేస్తుంది. మీరు దాచుకుందామనుకున్నదే దాని లెక్కలో చెత్త!

రికార్డరు సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్ (రొద తగ్గించేది), ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని దానంతటదే పెంచి తగ్గించేది) ఉంటే రెండూ ఆపేయండి. ఆండ్రాయిడ్ 7 నుంచి మైకు శబ్దాన్ని శుద్ధి చేయకుండా తీసుకునే వీలుంది. ఫోన్ కంపెనీ ఆ సదుపాయం ఇచ్చి ఉంటే, కొన్ని రికార్డింగ్ యాప్‌లలో ఆడియో సోర్స్ దగ్గర ‘అన్‌ప్రాసెస్డ్’ అని కనిపిస్తుంది. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్‌లో ‘లాస్‌లెస్’ (శబ్దంలో ఏదీ కోసేయకుండా దాచేది) పెట్టండి. ఫైలు ఎంపీ3 కాకుండా, శబ్దాన్ని కుదించని వేవ్ (WAV)గా దాచండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో గంటకు దాదాపు 350 ఎంబీ పడుతుంది, ఆ మాత్రం చోటు ఉంచుకోండి. గాలి కొడితే మైకు మీద పల్చటి స్పాంజి ముక్క అడ్డుపెట్టండి. ఫోన్ గట్టు మీదే ఉండాలి, స్టార్టర్ బాక్సు దగ్గరికి మాత్రం వద్దు.

ఎప్పుడు తీయాలో మీకు నేను చెప్పక్కర్లేదు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి ఏరియేటర్లన్నీ అప్పుడు తిరుగుతుంటాయి, రోడ్డు మీద లారీలూ తక్కువే. అసలు విశేషం ఇంకొకటుంది. అన్నీ ఒకే కరెంటు మీద నడిచినా మోటార్ల వేగాల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకే రెండిటి హోరు ఒకసారి కలిసి, ఒకసారి విడిపోయి, అలలా ఊగుతుంది. యాంబియంట్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ ఆల్బమ్‌లో వేర్వేరు పొడవుల టేపు చుట్టలు తిప్పింది ఇలాంటి దానికోసమే. ఒక్కో చుట్ట ఒక్కో వేళకు మొదటికొస్తుంది కాబట్టి కలయిక మారిపోతూనే ఉంటుంది. ఆయన స్టూడియోలో పడ్డ పాట్లు మీ చెరువు గట్టున కరెంటు బిల్లు ఖర్చుతోనే తీరిపోతున్నాయి (ఆ బిల్లు తక్కువేమీ కాదనుకోండి).

తర్వాత కంప్యూటర్‌లో శబ్దాన్ని ఎడిట్ చేసే ఆడాసిటీ వేసుకోండి, ఉచితమే. అందులో ‘పాల్‌స్ట్రెచ్’ అనే ఎఫెక్టు ఉంది. 10 సెకన్ల ముక్కను పది రెట్లు సాగదీస్తే 100 సెకన్లవుతుంది, శ్రుతి మాత్రం దిగదు. ముందు అసలు ఫైలుకు కాపీ తీసి పెట్టుకోండి.

సందేహం: ఈమధ్య బ్యాండ్‌క్యాంప్‌లో కొన్న యాంబియంట్ ఆల్బమ్‌లో ఒక ట్రాకు ఆగకుండా తర్వాతి దాంట్లోకి వెళ్లాలి. నా ఫోన్‌లో మధ్యలో చిన్న ఖాళీ వస్తోంది. సినిమా పాటలకు ఎప్పుడూ ఇలా లేదు.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పాటలకూ వస్తుంది. పాట ఎలాగూ అయిపోతుంది కాబట్టి తెలియదు, అంతే. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ల (శబ్దపు చిన్న చిన్న కొలతల) చొప్పున కట్టలు కడుతుంది. కట్టలు నింపడానికి మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. బ్యాండ్‌క్యాంప్‌లో కొన్నది కాబట్టి మళ్లీ డబ్బు కట్టకుండానే అదే ఆల్బమ్‌ను, ఇలా నిశ్శబ్దం చేర్చని ఫ్లాక్ (FLAC) ఫైళ్లుగా దించుకోండి. ప్లేయరులో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ రాకుండా చేసేది) ఆన్ చేయండి. క్రాస్‌ఫేడ్ ఉంటే ఆపేయండి, అది ట్రాకుల చివరలను ఒకదాని మీద ఒకటి పూసేస్తుంది.

సందేహం: ఫోన్ స్పీకరులో యాంబియంట్ సంగీతం ఏమీ వినిపించడం లేదు.
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అంత చిన్న స్పీకరు లోతైన శబ్దాలను పలికించలేదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫ్యాను ఆపి వినండి. వేసవిలో కష్టమే, తెలుసు.