ఆ ఒక్క జవాబు మార్చకుండా ఉంటే...

ప్రశ్న: పోటీ పరీక్ష రెండుసార్లు రాశాను. ఈసారి ఒకే ఒక్క ప్రశ్న తేడాతో సీటు పోయింది. ఒక ప్రశ్నకు మొదట సరైన జవాబే గుర్తించి, చివరి ఐదు నిమిషాల్లో మార్చేశానని కీ చూశాక తెలిసింది. నాలుగు నెలలైంది. పుస్తకం తెరిస్తే ఆ క్షణమే కళ్ల ముందుకు వస్తోంది. జరిగింది వదిలేసి ఇవాళ్టి సంగతి చూసుకోమని అందరూ అంటున్నారు. నా వల్ల కావడం లేదు. మళ్లీ రాయాలా, వేరే కోర్సులో చేరిపోవాలా?
ఒక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మళ్లీ రాయాలా వద్దా అన్నది చివరి లైనులో మాత్రమే అడిగారు. మిగతాదంతా ఆ ఐదు నిమిషాల చుట్టూనే తిరిగింది. అందుకే నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మొదట తట్టిన జవాబే సరైనదని, దాన్ని మార్చకూడదని చాలామంది నమ్ముతారు. మీరూ అలాగే నమ్ముతున్నట్టున్నారు. చేజేతులా పోగొట్టుకున్నానన్న బాధ అక్కడి నుంచే వస్తోంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల 1,561 జవాబు పత్రాల్లో రబ్బరుతో చెరిపిన గుర్తులన్నీ లెక్కపెట్టి జస్టిన్ క్రూగర్ బృందం 2005లో ఒక అధ్యయనం ప్రచురించింది. మార్చిన జవాబుల్లో 51 శాతం తప్పు నుంచి ఒప్పుకు మారాయి. ఒప్పు నుంచి తప్పుకు మారినవి 25 శాతం. మిగిలినవి ఒక తప్పు నుంచి ఇంకో తప్పుకు వెళ్లాయి. అంటే మార్చినందువల్ల పోయిన మార్కుల కంటే వచ్చిన మార్కులు రెట్టింపు. అయినా మార్చకూడదన్న నమ్మకం ఎందుకు పోదంటే, చేతిలో ఉన్నది జారిపోతే గుచ్చుకున్నంతగా మరేదీ గుచ్చుకోదు. మార్చి సంపాదించిన మార్కు మర్నాటికే గుర్తుండదు.

ఆ రోజు మీరు ఇంకెన్ని జవాబులు మార్చారు? వాటిలో ఎన్ని ఒప్పయ్యాయి? లెక్క చూసి ఉండరని నా అనుమానం. అనుమానం వచ్చినచోట మళ్లీ ఆలోచించడం మంచి అలవాటే. ఆ ఒక్కచోట కలిసిరాలేదు. పైగా ఆ పేపర్లో మీరు వదిలేసినవి, తప్పు చేసినవి వేరే ప్రశ్నలు కూడా ఉంటాయి కదా. వాటిలో ఏ ఒక్కటి సరిగ్గా వచ్చినా ఇవాళ మీరు సీటులో ఉండేవారు. కొంచెం కటువుగా చెబుతున్నానేమో, కానీ నాకు ఇందులో ఆశ కనిపిస్తోంది. పోయిన ఆ ఐదు నిమిషాలను ఎవరూ బాగుచేయలేరు. మిగతా తప్పుల్లో చాలావాటిని సరిచేసుకోవచ్చు.

ఇక వదిలేయమనే సలహా సంగతి. అన్నవాళ్లు ప్రేమతోనే అని ఉంటారు. అది పనిచేయకపోవడంలో మీ లోపం ఏమీ లేదు. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో కొంతమంది విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దని, గుర్తొస్తే గంట కొట్టమని అడిగారు. సగటున నిమిషానికి ఒకసారి కంటే ఎక్కువగానే గంట మోగింది. ఆలోచన రాకూడదని కాపలా కాయాలంటే అది వచ్చిందో లేదో చూసుకుంటూనే ఉండాలి. మీరు నాలుగు నెలలుగా ఆ కాపలాలోనే అలసిపోతున్నారు.

అందుకని ఆ పరీక్షను ఒక్కసారి కావాలనే దగ్గరకు పిలవండి. ప్రశ్నపత్రం, కీ, మీరు గుర్తించిన జవాబులు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చోండి. మొదటి అరగంట ఏడుపు వస్తే రానివ్వండి, పక్కన ఇష్టమైన వాళ్లెవరైనా ఉన్నా మంచిదే. తర్వాత తప్పు పోయిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయండి. అసలు తెలియదా, తెలిసీ గుర్తు రాలేదా, లెక్కలో పొరపాటా, టైమ్ చాలలేదా? మీరు మార్చిన ఆ ప్రశ్న కూడా ఈ వరుసలో ఒకటి, అంతే. పని అయ్యాక ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది. ఆ క్షణం మళ్లీ గుర్తొస్తే తరిమికొట్టకండి. వచ్చిందని గమనించి, చదువుతున్న లైనుకు తిరిగి రండి. రోజుకు ఇరవైసార్లు వస్తే ఇరవైసార్లు తిరిగి రండి. ఇవాళ్టిలో ఉండటమంటే నాకు తెలిసినంతవరకు ఇలా తిరిగి రావడమే. అసలు గుర్తే రాని రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

చదివే తీరు కూడా కొంచెం మార్చండి. ఒక పేజీ చదివి పుస్తకం మూసేసి, గుర్తున్నదంతా కాగితం మీద రాయండి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో పాఠాన్ని మళ్లీ చదివిన వాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసిన వాళ్లకు 56 శాతం గుర్తుంది. మీ విషయంలో దీనివల్ల ఇంకో మేలు ఉంటుందని నా ఆలోచన. ఊరికే చదువుతుంటే కళ్లు పేజీ మీద, మనసు పరీక్ష హాల్లో ఉండొచ్చు. చూడకుండా రాయాలంటే మనసు ఆ కుర్చీ వదిలి రాక తప్పదు. మొదట రోజుకు ఒక గంట చాలు. పాత టైమ్‌టేబుల్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

మళ్లీ రాయడం గురించి ఇవాళ తేల్చవద్దు, కానీ వేరే కోర్సుల దరఖాస్తు గడువులు మాత్రం ఇవాళే చూడండి. తొందరపడాల్సింది అక్కడ ఒక్కచోటే. గడువు దగ్గర పడితే దరఖాస్తు పెట్టి ఉంచండి, పెట్టినంత మాత్రాన చేరాలని లేదు. ఆ తర్వాత మూడు వారాలు పైన చెప్పినట్టు చదివి చూడండి. మీ కాగితంలో లెక్క పొరపాట్లు, టైమ్ చాలకపోవడమే ఎక్కువగా ఉండి, ఈ మూడు వారాలు చదువు సాగితే మరోసారి రాయమనే నా సలహా. అసలు తెలియనివే ఎక్కువుంటే, రెండేళ్లు చదివినా ఆ సబ్జెక్టు మీద ఇష్టం కలగకపోతే వేరే కోర్సు వైపే మొగ్గుతాను. రెండేళ్లు పెట్టాను కాబట్టి మూడోది కూడా పెట్టాలన్న లెక్క మాత్రం వేసుకోవద్దు. ఈ పరీక్ష గురించి ఇవాళే మొదటిసారి విన్నట్టయితే రాసేవారా? ఇంట్లో వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నే ముందు పెట్టండి. తిట్టుకోవడాలు లేకుండా మాట్లాడుకోవడానికి ఆ కాగితం కూడా పనికొస్తుంది.

ఒక విషయం అడగకుండా ఉండలేను. నిద్ర, తిండి సరిగ్గా ఉన్నాయా? రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగవద్దు, ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. చదువు సంగతి తర్వాత చూద్దాం.

ప్రశ్నపత్రంతో ఏ రోజు కూర్చుంటారో అనుకుని నాకు రాయండి. కూర్చున్నాక ఏ కారణం ఎన్నిసార్లు వచ్చిందో కూడా రాయండి. మూడో ప్రయత్నం గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.