నేర్చుకునే చోటు, చెప్పుకునే చోటు

ప్రశ్న: అయ్యా, మాది బాగేపల్లి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువూ ఉద్యోగమూ కన్నడంలోనే సాగాయి. కానిస్టేబుల్‌గా చేరి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు బెంగళూరులో ఒక ఠాణాలో ఏఎస్‌ఐగా ఉన్నాను. కొత్త చట్టాలు వచ్చినప్పుడు మాకు రెండు రోజులు తరగతులు పెట్టారు, అంతే. ఈమధ్య ఒక కేసులో సీసీటీవీ దృశ్యాలకు జతచేసిన సర్టిఫికెట్ సరిగా లేదని కోర్టులో అందరి ముందూ నన్ను నిలదీశారు. మరొక బాధ కూడా ఉంది. గత ఏడాది రింగ్ రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక పసిబిడ్డ శవ మహజరు (శవాన్ని పరిశీలించి రాసే నివేదిక) రాసింది నేనే. అప్పటినుంచి రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. డాక్టరు దగ్గరికి వెళితే సర్వీసు రికార్డుకెక్కి పదోన్నతి పోతుందని తోటివాళ్లు భయపెడుతున్నారు. నేను ఎక్కడ నేర్చుకోవాలి, ఎవరికి చెప్పుకోవాలి?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: నిద్ర పట్టని సంగతిని మీరు రెండోదిగా రాశారు. నేను ముందుగా దానికే జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఏడాదిగా ఆగి ఉన్న పని. అలాంటి దృశ్యం చూసిన తరువాత కొన్ని రోజులు కునుకు పట్టకపోవడం, అదే కళ్లముందు కదలడం ఎవరికైనా సహజమే. చాలామందికి అది క్రమంగా తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గకుండా, ఆ దారిన పోవడానికే మనసు రాకపోవడం, చిన్న మాటకే ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడటం, నిద్ర కోసం మద్యం తాగడం మొదలైతే వైద్యుణ్ణి కలవవలసిందే. మద్యం తొందరగా మత్తు కమ్మిస్తుందే తప్ప, తెల్లవారుజామున లేపేసి ఉన్న నిద్రనూ చెడగొడుతుంది. ఇరవై రెండేళ్లు ఈ ఉద్యోగం చేసిన మనిషికి పసిబిడ్డ శవం దగ్గర చేయి వణకడాన్ని నేను బలహీనత అనను. వణకకపోతేనే నాకు దిగులు కలిగేది.

మొదటి అడుగుగా 14416కు ఫోన్ చేయండి. ఇది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోను సేవ. పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నైట్ డ్యూటీ ముగించుకొని ఇంటికి వెళ్లే ముందు కూడా చేయవచ్చు. ఎదురుగా కూర్చొని చెప్పుకోవాలనుకుంటే హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్ మీ ఊళ్లోనే ఉంది. ఆస్పత్రి గేటు దాటడానికి మొహమాటంగా ఉంటే, బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వారే విడిగా నడిపే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్‌కు వెళ్లండి.

ఇక రికార్డు భయం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షను ప్రకారం మీ మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం మీకు చికిత్స చేసేవారి విధి. కోర్టు ఆదేశించినప్పుడు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు వంటి కొన్ని మినహాయింపులను చట్టమే చెప్పింది. మీ పై అధికారి ఊరికే అడగడం అందులో లేదు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. వైద్య సెలవు కోసం మీరే సర్టిఫికెట్ సమర్పిస్తే ఆ కాగితం ఆఫీసు ఫైలులో చేరుతుంది. సెలవు అవసరం లేనంతవరకు మామూలు పౌరుడిగా వెళ్లి చూపించుకోండి. పదోన్నతి భయంతో వైద్యాన్ని వాయిదా వేయమనే తోటివారి సలహా మంచి మనసుతో ఇచ్చినదే కావచ్చు గానీ, దానివల్ల ఒక ఏడాది పోయింది.

ఇప్పుడు కోర్టు సంగతి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, పాత సాక్ష్య చట్టాల స్థానంలో వరుసగా భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి, మీ తరం వారు హత్యకు పాత 302నూ కొత్త 103నూ, మోసానికి పాత 420నూ కొత్త 318నూ పక్కపక్కనే గుర్తుంచుకోక తప్పదు. మిమ్మల్ని నిలదీయడానికి కారణమైన సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం, పాత సాక్ష్య చట్టంలో 65బి కింద ఉండేది. ఇప్పుడది సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను నాలుగో ఉపసెక్షను. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది ఆ పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారు, అంటే ఆ కెమెరా రికార్డరు నడిపే దుకాణం వారో అపార్ట్‌మెంట్ వారో, సంతకం చేయవలసినది. రెండోది నిపుణుడు చేయవలసినది. రెంటిలోనూ హ్యాష్ విలువ, అంటే ఫైలులోని సమాచారం నుంచి కంప్యూటరు లెక్కగట్టే గుర్తు, రాయాలి. స్వాధీనం చేసుకున్న మూటకు వేసే లక్క ముద్ర లాంటిదే ఇది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. ఠాణాలో ఎక్కువగా జరిగే పొరపాటేమిటంటే, దృశ్యాలను ముందు వాట్సాప్‌లో తెప్పించుకొని, ఆ తరువాత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది కాబట్టి అసలు ముద్ర అక్కడే చెదిరిపోతుంది.

ఆ కేసు చేజారిందని కుంగిపోకండి. సర్టిఫికెట్ తప్పనిసరి అని చెప్పిన 2020 నాటి అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ తీర్పులోనే, విచారణ ముగియనంతవరకు దానిని తెప్పించే అధికారం న్యాయమూర్తికి ఉందని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. అది పాత చట్టం మీద వచ్చిన తీర్పే అయినా, వెంటనే మీ పబ్లిక్ ప్రాసిక్యూటరును కలిసి దీని ఆధారంగా అడగమనండి.

నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేని దారులున్నాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) వారి సంకలన్ యాప్ పాత సెక్షనుకు కొత్తది ఏదో పక్కపక్కనే చూపుతుంది, ఫోనులో పెట్టుకోండి. ప్రభుత్వోద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగిలో కొత్త చట్టాల పాఠాలున్నాయి. కేంద్ర హోంశాఖ వారి ఆన్‌లైన్ వేదిక సైట్రెయిన్‌లో సైబరు దర్యాప్తు పాఠాలు సర్టిఫికెట్‌తో సహా దొరుకుతాయి. మీ ఊళ్లోనే సీఐడీ ఆధ్వర్యంలో సైబరు నేర దర్యాప్తు శిక్షణ, పరిశోధన కేంద్రం ఉంది. అది పోలీసులకే కాక ప్రాసిక్యూటర్లకూ న్యాయాధికారులకూ శిక్షణ ఇస్తుంది. అక్కడికి పంపమని నోటిమాటగా కాక కాగితం మీద అడగండి. ఐటీ చట్టం కింది నేరాలను ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయివారే దర్యాప్తు చేయాలి కనుక మీకు ఆ శిక్షణ ఎందుకని ఎవరైనా అనవచ్చు. ఫోనునూ రికార్డరునూ మొదట చేత్తో పట్టుకునేది మీరేనని, సోదా, స్వాధీనాలను వీడియో తీయాలన్న సురక్షా సంహిత 105వ సెక్షను మీ చేతి మీదుగానే అమలవుతుందని ఆ కాగితంలో రాయండి. రెండు రోజుల తరగతితో ఇంత భారాన్ని ఏఎస్‌ఐల నెత్తిన పెట్టి, తప్పు జరిగినప్పుడు వారినొక్కరినే నిలదీయడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: మావారు హెడ్ కానిస్టేబుల్. మూడు నెలలుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఆయనకు చెప్పకుండా నేను ఎవరినైనా అడగవచ్చా?
— ఒక సోదరి, కె.ఆర్.పురం

జవాబు: అడగవచ్చమ్మా. 14416కు కుటుంబసభ్యులు కూడా ఫోన్ చేసి, ఎలా మాట్లాడాలో సలహా తీసుకోవచ్చు. ఆయనను కేసుల గురించి తరచి తరచి అడగకండి. జరిగినదాన్ని బలవంతంగా చెప్పించడం మేలు చేయదు. భోజనం దగ్గర పక్కన కూర్చోండి, “రాత్రి నిద్ర పట్టిందా?” అని మాత్రం అడగండి. బతకాలని లేదనే మాట ఆయన నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఇంట్లో ఆయుధం ఉంటే ఠాణాలో అప్పగింపించండి, నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి వెంటనే తీసుకువెళ్లండి. అది ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది.