దండలు మార్చారా, మార్చుకున్నారా?

సందేహం: మాది సీఎన్‌సీ కటింగ్ షాపు, అంటే కంప్యూటర్ నడిపే మెషీన్‌తో కోస్తాం. గేట్లకు, పూజగది తలుపులకు, నేమ్‌ప్లేట్లకు డిజైన్లు కట్ చేస్తాం. మెషీన్‌కు డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్ ఎక్స్‌చేంజ్ ఫార్మాట్) అనే డ్రాయింగ్ ఫైలు కావాలి. ఆ పేరు కస్టమర్లకు అర్థమవుతుందని 'డ్రాయింగ్ మార్పిడి ఫైలు పంపగలరు' అని తెలుగులో రాసి కౌంటర్ మీద పెట్టాను. అది చదివి ఒకాయన నెమలి ఫొటో చేతిలో పెట్టి, 'డ్రాయింగ్ మారుస్తారట కదా, తోక కాస్త పెద్దది చేయండి' అన్నారు. మా బావగారు తెలుగు లెక్చరర్. మార్పిడి కాదు, వినిమయం అనాలంటారు. ఏది సరి?

సమాధానం: ఆ కస్టమరు తప్పు చదవలేదు. మీ బోర్డులో రెండు అర్థాలున్నాయి, తనకు పనికొచ్చేది తీసుకున్నారు.

దోచు నుంచి దోపిడి, రాచు నుంచి రాపిడి వచ్చినట్టే మార్చు నుంచి మార్పిడి వచ్చింది. మంచి తెలుగు మాట. చిక్కల్లా అది చేసే పనులు ఎక్కువ కావడమే. వస్తుమార్పిడిలో నా వడ్లు మీకు, మీ చింతపండు నాకు. కుండమార్పిడి పెళ్ళిళ్లలో మా అమ్మాయి మీ ఇంటికి, మీ అమ్మాయి మా ఇంటికి. వీటిలో చేతులు మారాయి, ఇళ్ళు మారాయి, వస్తువూ మనిషీ అలాగే ఉన్నారు. మతమార్పిడిలో అలా కాదు, మారేది మనిషి మతమే. పంట మార్పిడిలో ఒకదాని తర్వాత ఇంకొకటి, గుండె మార్పిడిలో ఒకదాని స్థానంలో ఇంకొకటి. ఇన్నిటికీ ఒకే మాట. పక్కనున్న మాటను బట్టి మనం అర్థం చేసుకుంటాం. వడ్లు, పెళ్ళి, మతం మనకు తెలుసు కాబట్టి తికమక పడం. 'డ్రాయింగ్ మార్పిడి' అనేసరికి పక్క మాట ఏ సాయమూ చేయలేదు.

క్రియగా వాడితే ఈ తికమక సగం పోతుంది. పెళ్ళిలో వధూవరులు దండలు 'మార్చుకున్నారు'. అదే మాటను 'దండలు మార్చారు' అని చూడండి: గోడ మీద తాతగారి ఫొటోకున్న వాడిపోయిన దండ తీసి కొత్తది వేసినట్టుంది! తేడా అంతా 'కొను'లో ఉంది. చొక్కా మార్చుకున్నాడు అన్నప్పుడు ఆ 'కొను' తన కోసం అని చెబుతుంది, దండలు మార్చుకున్నారు అన్నప్పుడు ఒకరితో ఒకరు అని చెబుతుంది. మార్చడం, మార్చుకోవడం రెండింటినీ నామవాచకం చేస్తే వచ్చేది మాత్రం ఒక్క మార్పిడే. 'కొను' జారిపోయింది, దాంతో పాటు 'ఒకరితో ఒకరు' అన్న అర్థమూ జారిపోయింది. మీ బోర్డులో జరిగింది ఇదే.

ఇక బావగారి మాట. వినిమయం అంటే నిఘంటువులో ఒకటి ఇచ్చి ఇంకొకటి పుచ్చుకోవడమే. ఆ లెక్కన ఆయన చెప్పింది సరే. కానీ వాడుకలో ఆ మాట దారి తప్పి చాలాకాలమైంది. వినియోగంతో కలిసిపోయి, 'విద్యుత్ వినిమయం పెరిగింది' అంటే కరెంటు ఎక్కువ కాలుతోందని అర్థం చేసుకుంటున్నాం. కొనేవాణ్ణి వినిమయదారుడు అన్నాం. బడ్జెట్ సమావేశాలప్పుడు పత్రికల్లో వచ్చే 'ద్రవ్య వినిమయ బిల్లు'లో ఇచ్చిపుచ్చుకోవడం ఏముంది? ఖజానా నుంచి ఖర్చుకు అనుమతే కదా. అందుకని 'చిత్ర వినిమయ దస్త్రం' అని బోర్డు పెడితే నెమలి తోక కోసం కూడా ఎవరూ లోపలికి రారు. నాకు 'మారకం' మీద కొంచెం మనసుంది. డాలరు మారకం విలువ అన్నప్పుడు అందులో ఇచ్చిపుచ్చుకోవడం తప్ప వేరే అర్థం దూరదు. కానీ దానికి డబ్బు వాసన పోదు.

అసలు ఈ ఫైలు చేసే పనేమిటో చూస్తే మాట ఎంచుకోవడం తేలికవుతుంది. 1982 డిసెంబరులో ఆటోడెస్క్ కంపెనీ, కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే తన సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ మొదటి వెర్షన్‌తో పాటు దీన్ని తెచ్చింది. ఆటోక్యాడ్ సొంత ఫైలు డీడబ్ల్యూజీ. దాని లోపలి అమరికను కంపెనీ బయటపెట్టలేదు. డీఎక్స్ఎఫ్ అమరికను మాత్రం ప్రచురించింది. దాంతో కోరల్‌డ్రాలో గీసినవారూ, ఇంక్‌స్కేప్‌లో గీసినవారూ, మీ మెషీనూ ఒకే లిపిలో మాట్లాడుకోగలుగుతున్నారు. దాని పూర్తి పేరులో కొందరు ఇంటర్‌చేంజ్ అంటారు, కొందరు ఎక్స్‌చేంజ్ అంటారు. రెండింటిలోనూ ఉన్నది 'మార్చుకోవడం'.

ఆ లిపి ఎలా ఉంటుందో ఒకసారి మీ షాపులోని చిన్న డీఎక్స్ఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. బొమ్మ ఉండదు, పొడవాటి అంకెల జాబితా ఉంటుంది. ఒక వరుసలో 0, దాని కింద లైన్ అన్న మాట. ఇంకాస్త దిగితే 8, దాని కింద లేయర్ పేరు, అంటే ఆ గీత డ్రాయింగ్‌లో ఏ పొరలో ఉందో. 10 కింద ఉన్నది గీత మొదలయ్యే చోటు ఎంత అడ్డంగా ఉందో, 20 కింద ఉన్నది ఎంత నిలువుగా ఉందో చెబుతుంది. గీత ఆగే చోటుకు 11, 21. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి నాకు ఇవి విభక్తుల్లా కనిపించాయి. రాముడికి, రాముడితో అన్నప్పుడు మనకు 'కి', 'తో' మాట వెనక వస్తాయి. ఇక్కడ ముందే వచ్చి, కింద రాబోయేది ఏ పాత్రలో ఉందో చెబుతున్నాయి.

మరి ఫొటోను డీఎక్స్ఎఫ్ చేయడం? అది మార్చుకోవడం కాదు, మార్చడమే. కాబట్టి అక్కడ మార్పిడి అనవచ్చు, కానీ 'మార్చడం' ఉండగా 'మార్పిడి చేయడం' ఎందుకు? మరొక సంగతి. ఈమధ్య 'డీఎక్స్ఎఫ్‌కు మార్చండి' అని రాస్తున్నారు. డాలర్లను రూపాయల్లోకి మారుస్తాం, కథను తెలుగులోకి అనువదిస్తాం. ఇక్కడా డీఎక్స్ఎఫ్‌లోకి మార్చడమే సహజం. సేవ్ చేసేటప్పుడైతే 'డీఎక్స్ఎఫ్‌గా'.

'పంపగలరు' కూడా వదిలేయండి. గలరు అంటే చేసే శక్తి ఉందని. పంపగలరు, కానీ పంపరు అని కూడా అనుకోవచ్చు! ఆఫీసు ఉత్తరాల్లో మర్యాద కోసం స్థిరపడిపోయింది. మీకు ఆ తిప్పలు అక్కర్లేదు, 'పంపండి'లోనే గౌరవం ఉంది.

కొలతల గురించి మీరు అడగలేదు గానీ, భాషకు సంబంధించిందే కనుక చెబుతున్నాను. ఆ ఫైలులో 24 అని ఉంటే అది వట్టి 24. అంగుళమా, మిల్లీమీటరా అన్నది ఆ అంకె పక్కన ఉండదు. ఫైలు మొదట్లో యూనిట్ చెప్పే చోటు ఒకటుంది, అక్కడ 1 ఉంటే అంగుళం, 4 ఉంటే మిల్లీమీటరు. కొన్ని ఫైళ్ళలో అది ఉండదు, ఉన్నా కొన్ని సాఫ్ట్‌వేర్లు పట్టించుకోవు. రెండడుగుల నేమ్‌ప్లేటు గోరంత తయారవడానికి ఇదే కారణం. కాబట్టి బోర్డు ఇలా రాసుకోండి:

'మీ డిజైన్‌ను డీఎక్స్ఎఫ్ ఫైలుగా పంపండి. కొలతలు అంగుళాల్లోనా, మిల్లీమీటర్లలోనా చెప్పండి. ఫొటో ఉంటే మేమే గీసి డీఎక్స్ఎఫ్‌లోకి మారుస్తాం. దానికి ఛార్జీ వేరు.'

డీఎక్స్ఎఫ్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, 'డ్రాయింగులు ఇచ్చిపుచ్చుకునే ఫైలండీ' అనండి. నెమలి తోక సైజు మాత్రం ఆయన్నే అడిగి తేల్చుకోండి.