సరుకుల చీటీ మీరొక్కరే రాయకండి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. నా వయసు 48. ప్రతి సంక్రాంతికీ ఇద్దరు ఆడపడుచులు, మరిది కుటుంబాలతో మా ఇంటికి వస్తారు. మాతో కలిపి 14 మంది. పది రోజుల ముందు నుంచీ సరుకులు తెచ్చుకోవడం, బియ్యం నానబెట్టడం, పిండి పట్టించడం, పిండివంటలు, అన్నీ నావే. ఎవరైనా వంటింట్లోకి వచ్చినా మా పద్ధతి తెలియదని నేనే వద్దంటాను. ఈసారి అరిసెల పాకం స్టవ్ మీద ఉండగా హాల్లోంచి కాఫీ అడిగారు. ఇచ్చి వచ్చాను. కనుమ నాడు గారెలు వేస్తుంటే చిన్న ఆడపడుచు, ‘‘వదినా, ఈసారి అరిసెలు గట్టిగా వచ్చాయి’’ అంది. స్టవ్ ఆపేసి గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ‘‘చిన్న మాటకు ఇంత రాద్ధాంతమా’’ అన్నారు మా వారు. 78 ఏళ్ళ మా అత్తయ్య ఇవన్నీ నలభై ఏళ్ళు నోరెత్తకుండా చేశారు. ఉగాదికి కూడా వస్తామని ఇప్పుడు అందరూ ఫోన్లు చేస్తున్నారు. సరుకుల చీటీ రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడటం లేదు. ఒక్క మంచి మాట కోరుకోవడం స్వార్థమా?

జవాబు: కాదమ్మా. అందులో ఇసుమంతైనా స్వార్థం లేదు. ఉత్తరంలో మీరు చివరగా అడిగిన ప్రశ్న ఇదే అయినా, మొదట దీనికే జవాబు చెప్పాలనిపించింది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాకం స్టవ్ మీద ఉండగా కాఫీ అడిగారని రాశారే, అక్కడ. అరిసెలు వండిన వాళ్ళకు ఆ క్షణం ఎలాంటిదో తెలుసు. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని పాకం చుక్క వేసి, వేలితో దగ్గరకు తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. అది చూసిన వెంటనే దించి తడి పిండి కలపాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, కాస్త ముదిరితే గట్టిపడుతుంది. ఒకరోజు నానిన కొత్త బియ్యం, దంచిన బెల్లం, నువ్వులు, నెయ్యి, రెండు రోజుల మీ శ్రమ అంతా ఆ రెండు నిమిషాల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లోనే మిమ్మల్ని పిలిచారు, మీరు వెళ్ళారు. అరిసెలు గట్టిగా రావడానికి కారణం అదీ. మీ ఆడపడుచుకు అరిసె గట్టిదనం తెలిసింది గాని దాని వెనక ఉన్న కాఫీ సంగతి తెలియదు. మీరు చెప్పనూ లేదు.

నాకు అర్థమైనంతవరకు మీకు కావలసింది పొగడ్త కాదు. మీరేం చేశారో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. తెలియనిదానికి కృతజ్ఞత ఎక్కడినుంచి వస్తుంది? సొంతవాళ్ళకు థ్యాంక్స్ చెప్పడం మన ఇళ్ళలో పెద్దగా అలవాటు లేదు, చెబితే పరాయివాళ్ళలా మాట్లాడారనుకుంటాం. అలాగని మనకు ఆ సంస్కారమే లేదనుకోకండి. భోజనం చేసి లేస్తూ ‘‘అన్నదాతా సుఖీభవ’’ అనే అలవాటు మన పెద్దలది. మా నాన్నగారు వంట బాగుందని అమ్మతో ఎన్నడూ అనలేదు గాని, చెయ్యి కడుక్కోబోయే ముందు వంటింటి వైపు తిరిగి ‘‘నీకు కూర మిగిలిందా?’’ అని అడిగేవారు. ఆ ఒక్క మాటతో అమ్మ ముఖం విప్పారేది. నెలసరుకులు ఆయనే మోసుకొచ్చేవారు కాబట్టి కందిపప్పు డబ్బాలో ఎంత ఉందో ఆయనకు తెలుసు. అందుకే ఆ ప్రశ్న అడగగలిగారని ఇన్నేళ్ళ తర్వాత అర్థమవుతోంది.

మీ వారికి అది చిన్న మాటగా కనిపించింది గాని, దాని వెనక ఉన్న పని చిన్నది కాదు. దేశవ్యాప్తంగా 2019లో ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. రాత్రి పడుకున్నాక ‘మినప్పప్పు రెండు కిలోలు సరిపోతుందా, నూనె ఇంకో ప్యాకెట్ తెప్పించాలా’ అని మనసులో తిరిగే లెక్కను ఏ నిమిషాల్లో కలుపుతారు? ఈ మాట మీ వారితో పండగ రోజున కాకుండా, ఏదో ఒక మామూలు సాయంత్రం, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ‘‘అరిసెల మాటకు నేను ఏడవలేదు. పది రోజులు ఒక్కదాన్నే మోసినందుకు ఏడుపొచ్చింది’’ అనండి చాలు. పాత సంగతులన్నీ తవ్వితే అసలు మాట పక్కకు పోతుంది.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట చెబుతాను. వంటింట్లోకి వచ్చినవాళ్ళను మీరే వద్దంటున్నారు. పని చేతికి ఇవ్వకుండా పని విలువ తెలియాలని కోరుకుంటే ఎలాగమ్మా? మీ పద్ధతి బాగుంటుందనడంలో నాకు సందేహం లేదు. కానీ ఉగాదికి ఆ పద్ధతిని కొంచెం వదులుకోవాలి. చీటీ రాయడానికి చెయ్యి ఆడటం లేదన్నారు కదా, అసలు రాయకండి. మీ వారికీ మరిదిగారికీ ఒక కాగితం ఇచ్చి, ‘‘14 మందికి ఉగాది, ఏమేం కావాలో మీరే రాయండి’’ అని చెప్పండి. మొదట వాళ్ళకు బెల్లం, మామిడికాయలు తప్ప ఏమీ తోచకపోవచ్చు. పచ్చడికి కొత్త చింతపండు, వేపపువ్వు, బొబ్బట్లకు శనగపప్పు, నెయ్యి, యాలకులు, పులిహోరకు కరివేపాకు, పచ్చిమిర్చి, ఎవరు ఎన్ని తింటారు, ఇంట్లో ఏది ఉంది, ఏది అయిపోయింది, ఇవన్నీ మిమ్మల్ని అడగాల్సి వస్తుంది. అడగనివ్వండి, జవాబు చెప్పండి, రాయడం మాత్రం వాళ్ళ పనే. రైతు బజారుకూ కిరాణా కొట్టుకూ వాళ్ళే వెళ్ళాలి. శనగపప్పు బదులు పుట్నాల పప్పు తెస్తే విసుక్కోకుండా మళ్ళీ పంపండి. ఆ రెండోసారి ఎండలో తిరిగి వచ్చినవాళ్ళకు మీరు చెప్పకుండానే కొంత తెలుస్తుంది. వేపపువ్వు కోసుకొచ్చే పని పిల్లలకివ్వండి, వాళ్ళకు అది సరదా.

అన్ని తీపి వంటలూ మీ చేతిమీదే కావాలనే పట్టుదల కూడా ఈసారికి పక్కన పెట్టండి. మీకు దగ్గరలోనే ఆత్రేయపురం ఉంది. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి, రేకు తీసే ఆ ఆడవాళ్ళ పనితనానికి ఒక ధర ఉంది, ఆ ధర ఇచ్చి కొనుక్కుంటాం. రెండు పెట్టెలు తెప్పించండి. కొని పెట్టినంత మాత్రాన పండగ తక్కువ కాదు.

ఆడపడుచు విషయానికి వస్తే, ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆమె కూడా వాళ్ళింట్లో ఏడాది పొడుగునా మీలాగే వంటింట్లో ఉంటుంది కావచ్చు. పుట్టింట్లో నాలుగు రోజులు కూర్చుని తినాలన్న కోరిక న్యాయమైనదే. ఆమెకు ఫోను చేసి పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు ఏం జరిగిందో మామూలుగా చెప్పండి, నిష్ఠూరంగా వద్దు. ‘‘వచ్చే సంక్రాంతికి పాకం దగ్గర నువ్వు నిలబడు, చెక్కల మధ్య నేను వత్తుతాను’’ అని అడగండి. చాలామంది ఆడపడుచులు ఇలాంటి పిలుపు కోసమే ఎదురుచూస్తుంటారని నా దగ్గరకు వచ్చే కుటుంబాలను చూసి చెబుతున్నాను. వదిన వంటింట్లోకి రానివ్వదని వాళ్ళూ లోపల నొచ్చుకుంటారు.

అత్తయ్య నలభై ఏళ్ళు నోరెత్తలేదన్నారు. ఎత్తాలని ఆవిడకు అనిపించలేదని మనకెలా తెలుసు? ఒక మధ్యాహ్నం ఆవిడ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ అడగండి, ‘‘మీకు ఎప్పుడైనా ఏడుపొచ్చిందా అత్తయ్యా’’ అని. ఆవిడ నేర్పిన పాకమే కదా మీరు పడుతున్నది, ఆ మాట ఆవిడతో ఎన్నడైనా అన్నారా? అనకపోతే ఇప్పుడు అనండి. ఆవిడకు 78 ఏళ్ళు.

మరొక్క విషయం. సంక్రాంతి నాటి దిగులు ఇంకా తగ్గకపోయినా, నిద్ర సరిగా పట్టకపోయినా, ఊరికే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా దాన్ని వంట అలసట అనుకుని వదిలేయకండి. మీ వయసులో శరీరంలో వచ్చే మార్పులు కూడా మనసును కుంగదీస్తాయి. డాక్టరును కలవండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ సహాయ నంబరు 14416కు ఫోను చేసినా మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు.

ఇక ఉగాది నాడు మొదటి బంతిలోనే మీ విస్తరి కూడా వేయించుకోండి. వడ్డన మీ వారూ మరిదిగారూ చూసుకుంటారు. బొబ్బట్టు వేడిగా ఉండగానే నెయ్యి వేసుకుని తినండి. మధ్యలో ఎవరైనా నీళ్ళు అడిగితే లేవకండి.