64ని 65 చేయకు

చి. చిన్నాకు పిన్ని ఆశీస్సులు.

డ్రైవర్‌లో ఒక బైటు పొంగే బగ్ పట్టావనీ, లినక్స్ కర్నెల్‌కి నువ్వే ప్యాచ్ (దిద్దుబాటు) పంపుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. నీ తొందర తెలిసినదాన్ని కాబట్టి టెన్షన్‌గానూ ఉంది.

అడిగితే నువ్వు వాట్సాప్‌లో పెట్టిన నాలుగు లైన్లూ చూశాను. పేరు దాచే అర్రే సైజు 64 బైట్లు, నీ డ్రైవర్ చెక్ మాత్రం పేరు పొడవు 64 దాటితేనే వెనక్కి పంపుతోంది. సరిగ్గా 64 వస్తే దర్జాగా లోపలికొచ్చేస్తుంది. పేరు అయిపోయిందని చెప్పే సున్నా చివర పెట్టడానికి చోటేదీ? పోయి పక్కనున్న ఫ్లాగ్స్ ఫీల్డ్‌లో పడుతుంది. తప్పు ఆ చెక్‌లోని ఒక్క '>' గుర్తుది, దాన్నే '>=' అని దిద్దు. అర్రే సైజు 65 చేస్తే సరిపోతుందిగా అని మాత్రం అనకు.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఓ కుర్రాడు అచ్చం అదే చేశాడు. టెస్టులన్నీ పాసయ్యాయి, అందరం భుజం తట్టాం. కానీ ఆ అర్రే ఉన్న స్ట్రక్చర్ (ఫీల్డులన్నీ కలిపిన కట్ట) యూజర్ ప్రోగ్రాములకూ వెళ్లేది. ఒక బైటు పెరిగేసరికి కంపైలర్ ఇంకో మూడు బైట్లు ఖాళీ వదిలి తర్వాతి ఫీల్డ్‌ని 64వ స్థానం నుంచి 68కి నెట్టింది. ఐఓసీటీఎల్ (ప్రోగ్రాములు డ్రైవర్‌కి పంపే ఆదేశం) నంబర్‌లో స్ట్రక్చర్ సైజు కూడా కలిసి ఉంటుంది కదా, ఆ నంబరే మారిపోయింది. అప్‌డేట్ వెళ్లిన రోజున కస్టమర్ల దగ్గర పాత టూల్స్ ఒక్కటీ పలకలేదు. అన్నిట్లోనూ ఒకటే ఎర్రర్: 'ఇన్‌అప్రాప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్'. వాడు తెలివితక్కువవాడేం కాదురా, నీలాగే చురుకైనవాడు. ఆ స్ట్రక్చర్ ఇంకెవరు వాడుతున్నారో కోడంతా గ్రెప్ కొట్టి (వెతికి) చూడలేదు, అంతే. మీటింగ్ రూమ్‌లోంచి బయటికొచ్చినప్పుడు వాడి మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది. అందుకే ఇంత నస.

కాసాన్ (కర్నెల్‌లో మెమరీ తప్పులు పట్టే టూల్) నోరు మెదపలేదని బగ్ లేదనుకోకు. అది కాసేది మెమరీ ముక్కల పొలిమేరల్ని. ఒకే స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డ్ పక్కదాని మీద పడితే దానికి తెలీదు. యూబీసాన్ అనే ఇంకో టూల్‌లో బౌండ్స్ చెకింగ్ (అర్రే హద్దు దాటితే పట్టేది) ఆన్ చేసి 63, 64, 65 పొడవులతో నడిపి చూడు. ఇదే చెక్‌ని పక్క డ్రైవర్‌లోకి ఎవరైనా కాపీ కొట్టారేమో వెతుకు. కొట్టే ఉంటారు.

ప్యాచ్ కింద ఫిక్సెస్ లైన్‌లో బగ్ తెచ్చిన కమిట్ (పాత మార్పు) హ్యాష్ మొదటి 12 అక్షరాలు, పాత విడుదలల్ని చూసే స్టేబుల్ టీమ్‌కి సీసీ, ప్యాచ్ రాత తప్పులు పట్టే చెక్‌ప్యాచ్, ఇవన్నీ నీకు తెలిసినవే. మామూలు యూజర్ ఎవరైనా ఈ బగ్‌ని రేపగలిగితే మాత్రం బయట పెట్టకముందే కర్నెల్ సెక్యూరిటీ టీమ్‌కి రాయి.

ఆ కోడ్ చూసుకునే మెయింటెయినర్ విసుక్కుంటే మొహం మాడ్చుకోకు, దిద్ది వీ2 (రెండో వెర్షన్) పంపు. అర్ధరాత్రి నిద్రకళ్లతో సెండ్ నొక్కకు నాన్నా. ఆదివారం మల్లేశ్వరం రా, ఇద్దరం కూర్చుని ఇంకోసారి చదువుదాం. మారతహళ్లి ట్రాఫిక్ అని సాకులు చెప్పకు.

మీ పిన్ని