నేరమంతా కార్బొరేటర్‌దేనా?
పాత జపాన్ డిజైన్ బండ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది 1985 మోడల్ మారుతి 800. పొద్దున మంచిగనే నడుస్తది. ఎండాకాలం మధ్యాహ్నం హనుమకొండ నుంచి ములుగు పోతుంటే ముప్పై కిలోమీటర్లు దాటినంక గుంజుడు తగ్గి, రెండు మూడు జెర్కులిచ్చి ఆగిపోతది. అరగంట నీడలో పెడితే మళ్ల స్టార్టయితది. మూడుసార్లు కార్బొరేటర్ విప్పి కడిగిన్రు. ఇప్పుడు కొత్తది కొనమంటున్నరు. కొనాల్నా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇప్పుడే కొనకండి. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది కార్బొరేటర్. దాని జెట్లలో (పెట్రోలు పోయే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కల్లో) చెత్త ఉంటే పొద్దున కూడా సతాయిస్తుంది. చెత్తకు ఎండావానా తేడా తెలియదు. వేడెక్కాకే ఆగే బండిలో అనుమానించాల్సినవి మూడు: పెట్రోలు అందకపోవడం, పెట్రోలు ఎక్కువై ముంచేయడం, స్పార్క్ పోవడం. ఈ మూడింట్లో ఏదో తేలేది బండి ఆగిన రెండు నిమిషాల్లోనే. చల్లారాక షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్కుకు దొరికేది ఆరోగ్యంగా ఉన్న బండి. అందుకే ఆయన తనకు కనిపించిన కార్బొరేటర్‌నే కడుగుతున్నాడు.

బండి ఆగగానే పక్కకు తీసి, ఇగ్నిషన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీయండి. టార్చి వేసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ ఎక్సలేటర్ లీవరును చేత్తో ఒక్కసారి పూర్తిగా తిప్పండి. సన్నటి పెట్రోలు ధార చిమ్మితే ఫ్లోట్ గిన్నెలో (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే చోట) పెట్రోలు ఉన్నట్టే. అప్పుడు చూడాల్సింది స్పార్క్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్‌ను, డిస్ట్రిబ్యూటర్‌ను. వేడికి కాయిల్ చచ్చి, చల్లారాక బతకడం పాత బండ్లలో మామూలే. చాలా జపాన్ కార్బొరేటర్ల ఫ్లోట్ గిన్నెకు చిన్న గాజు కిటికీ ఉంటుంది, పెట్రోలు మట్టం దాని మధ్య గుర్తు దగ్గర ఉందో లేదో కూడా చూడండి. గొంతంతా తడిసి, ఘాటు వాసన వస్తుంటే పెట్రోలు ముంచేసిందన్నమాట. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. ఎక్సలేటర్‌ను పదేపదే తొక్కి వదిలితే ఇంకా మునుగుతుంది.

ధార రాలేదు, కిటికీలో మట్టం కూడా లేదు అంటే పెట్రోలే అందడం లేదు. ముందు ట్యాంకు మూత విప్పండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, ఆ తర్వాత బండి స్టార్టయితే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. పైసా ఖర్చు లేదు, కడిగితే సరి. అది కాకపోతే ఇంజన్ పక్కనున్న పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేయండి (డిస్ట్రిబ్యూటర్ తడవొద్దు). ఐదు నిమిషాల్లో అందుకుంటే అది వేపర్ లాక్. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది. ఆ పంపు పెట్రోలును నెడుతుంది గానీ ఆవిరిని నెట్టలేదు.

ఇక్కడే చాలా షెడ్లలో ఒక తప్పు జరుగుతుంది. మీ పంపుకు మూడు ముక్కులుంటాయి: ట్యాంకు నుంచి వచ్చేది, కార్బొరేటర్‌కు పోయేది, ట్యాంకుకు తిరిగిపోయేది. మూడోది రిటర్న్. పైపు కుళ్లినప్పుడు కొత్తది వేయకుండా అందులో ఒక బోల్టు దిగ్గొట్టి క్లిప్పు బిగిస్తారు. బండి నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ పంపు దగ్గర పెట్రోలు ఆగకుండా తిరుగుతూ చల్లగా ఉండడానికి, పుట్టిన ఆవిరి ట్యాంకుకు పోవడానికి ఉన్నది ఆ దారే. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు ఆ బోల్టు పని ఏంటో తెలుస్తుంది. రిటర్న్ తెరిపించండి. పంపుకూ ఇంజనుకూ మధ్య ఉండే మందపాటి ఇన్సులేటర్ ముక్క పారేశారేమో చూడండి. పైపులేవీ వేడి పొగ పోయే సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దగ్గరగా పోకూడదు.

ఇవన్నీ సరిగా ఉన్నా ఆగుతుంటే పంపును పరీక్షించండి. ఇంజన్ చల్లారాక, కాయిల్ వైరు తీసి పక్కన పెట్టి, కార్బొరేటర్‌కు పోయే పైపును ఒక సీసాలోకి వదిలి పది సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. పెట్రోలు గట్టిగా, ఒకే లయలో కొట్టాలి. బుడగలు వస్తే ట్యాంకు వైపు రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోంది. ఆ వైపు పగులు నుంచి పెట్రోలు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద మరక చూసి వెతికేవాళ్లకు దొరకదు. పంపు ఇన్‌లెట్‌కు వేరే శుభ్రమైన సీసా నుంచి పొట్టి పైపు పెట్టి చూస్తే తేలిపోతుంది: అప్పుడు బాగా కొడితే పంపు మంచిదే, తప్పు ట్యాంకు వైపు ఉంది. ఈ పని ఆరుబయటే చేయాలి. బీడీ, సిగరెట్ దగ్గరికి రావొద్దు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి.

ప్రశ్న: 1994 మోడల్ 800. రోడ్డెక్కితే ఏ బాధా లేదు. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే బంద్ అయితది. కాజీపేట బ్రిడ్జి మీద పరువు పోతున్నది.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: కార్బొరేటర్‌కు వైరుతో ఒక చిన్న సోలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) ఉంటుంది. తాళంచెవి ఆన్ చేసినప్పుడు ‘టక్’మనాలి. అనకపోతే వైరుకు 12 వోల్టులు వస్తున్నాయా చూడండి. కరెంటు వచ్చినా చప్పుడు లేకపోతే సోలెనాయిడ్ పోయింది. స్లో స్పీడుకు పెట్రోలు వదిలేది అదే కాబట్టి కాలు తీయగానే బండి ఆగుతుంది. టక్‌మంటే స్లో జెట్ విప్పి కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి పట్టించండి. తీగ పెట్టి పొడవనివ్వకండి. జెట్ రంధ్రం కచ్చితమైన కొలతతో ఉంటుంది. ఇత్తడి మెత్తన, తీగ గీరితే ఆ లెక్క పోతుంది. క్లీనర్‌లో రబ్బరు డయాఫ్రంలు (పలచటి పొరలు) నానబెట్టినా ఉబ్బి పాడవుతాయి.

ఆ తర్వాత మిక్చర్ స్క్రూ (స్లో స్పీడులో పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసేది). మెల్లగా చివరిదాకా తిప్పి (బిగించొద్దు, కొన చెడుతుంది), రెండు చుట్లు వెనక్కి వదలండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతూ స్పీడు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆపండి. స్క్రూ ఎంత తిప్పినా తేడా రాకపోతే, కార్బొరేటర్ కింది ప్యాకింగ్ దగ్గరో, పగిలిన వ్యాక్యూమ్ పైపు దగ్గరో గాలి దొంగతనంగా దూరుతోంది.

ప్రశ్న: పాత 800లో ఈ-20 పెట్రోలు పోయొచ్చా?
– ఒక పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: బంకులో దొరికేదే అదైనప్పుడు బండినే సిద్ధం చేసుకోవాలి. 20 శాతం ఇథనాల్‌ను పాత రబ్బరు తట్టుకోలేదు. పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ కిట్ ఇథనాల్‌కు పనికొచ్చేవి వేయించండి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిక్చర్ పలచబడుతుంది: పికప్ తగ్గి, ఇంజన్ వేడెక్కుతుంది. ప్లగ్గు తెల్లగా మాడినట్టుంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, మళ్లీ ప్లగ్గు రంగు చూడండి. లేత ఇటుక రంగు ఉంటే సరి.

ప్రశ్న: ఇంజన్ ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతున్నది. పెట్రోలు వాసన కూడా వస్తున్నది.
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: బండి స్టార్ట్ చేయకండి. పంపు డయాఫ్రం చినిగి పెట్రోలు నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి దిగుతున్నట్టుంది. పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. పంపు మార్చి, ఆయిల్, ఫిల్టర్ రెండూ కొత్తవి వేశాకే తాళంచెవి తిప్పండి. పంపు మంచిదని తేలితే ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోలు ఆపే సూది) పట్టకుండా కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతోందేమో చూడండి. ఈసారి అనుమానం న్యాయమే.